వేళ్ళు కడిగే పని

ఈ పని ఉందన్న కబురు నాకు మొదట తెచ్చింది మరియమ్మక్క. 2002లో గల్ఫ్‌లోని కరామాలో ఒక ఫ్లాట్‌ను మూడు కుటుంబాలం పంచుకుని ఉండేవాళ్ళం. పక్క గది ఆమెది. తూర్పు గోదావరి మనిషి. ఒక అరబ్బుల ఇంట్లో వంటపని చేసేది. ఆ ఇంటి యజమానికి అల్ ఐన్ అవతల పశువుల మేత పండించే పొలాలున్నాయి. ఒక శుక్రవారం ఆమె మా గుమ్మంలో నిలబడి చెప్పులు కూడా విప్పకుండా చెప్పింది.

"చెల్లెమ్మా, మా కఫీల్ గారి పొలంలో వేళ్ళు కడగడానికి ఆడమనిషి కావాలంట. చదువూ లెక్కా వచ్చుండాలంట. నీ గురించి చెప్పేసొచ్చాను."

వేళ్ళు కడగడానికి చదువెందుకని అడిగాను.

"ఏమోనమ్మా, గొప్పోళ్ళ ఇళ్ళల్లో ఎన్ని రకాల పనులో. అక్కడో ముసలాయన ఉన్నాడు, ఆయన చేతివేళ్ళు కడిగి గోళ్ళు తియ్యాలేమో. గోళ్ళు లెక్కపెట్టడానికే చదువడిగారేమో" అని తనే నవ్వింది.

నేనూ అలాగే అనుకుని వెళ్ళాను. అక్కడి ముదీర్, అంటే పొలాల పెద్ద అధికారి, నన్ను నీళ్ళ తొట్టి దగ్గరికి తీసుకెళ్ళి అప్పుడే తవ్వి తీసిన మొక్కజొన్న మొక్కను చేతిలో పెట్టారు. కడగాల్సినవి దాని వేళ్ళు. మన తెలుగులో చేతికున్నవీ వేళ్ళే, చెట్టుకున్నవీ వేళ్ళే అయినందుకు ఆ రోజంతా నాలో నేనే నవ్వుకున్నాను. మరియమ్మక్కకు ఆ కబురు ఎవరు చెప్పారో, ఆమె నోట నా పేరు ఎవరు పలికించారో నాకు తెలుసు. పైనున్న ఆయనకు ఇప్పటికీ రోజూ నమాజులో కృతజ్ఞత చెప్పుకుంటాను.

ఆరేళ్ళు ఆ పని చేశాను. 2008లో ఇంటికి వచ్చాక ఇక్కడి విత్తనాల ప్రయోగ పొలాల్లో ఇంకొన్నేళ్ళు చేసి, మోకాళ్ళు మొరాయించాక మానేశాను. ఇప్పుడు ఈ పనిలోకి వచ్చే పిల్లలు పెద్ద చదువులు చదివి వస్తున్నారు. నేను బడి గడప తొక్కలేదు. మదనపల్లెలో మా నాన్న చెనక్కాయ విత్తనాల వ్యాపారం చేసేవారు. తెలుగూ, ఉర్దూ, లెక్కలూ ఆయనే ఇంట్లో నేర్పారు. అమ్మ ఖురాన్ చదవడం నేర్పింది. అరబీ అక్షరాలు తడుముకోకుండా చదవగలను గాని అర్థం తెలియదు. ఈ సంగతి ఎందుకు చెబుతున్నానో ముందు ముందు తెలుస్తుంది.

తెగిన వేరు, తిన్న వేరు

ఆ పొలాలు గుండ్రంగా ఉండేవి. మధ్యలో ఒక స్తంభం, దాని చుట్టూ చక్రాల మీద తిరిగే పొడవాటి నీళ్ళ గొట్టం. గొట్టం అందినంత మేర మొక్కజొన్న మనిషెత్తు పెరిగేది. దాని అంచున ఒక్క అడుగు బయట పెడితే ఇసుక. మొదటి వారమంతా నేను ఆ అంచు దగ్గరే ఆగిపోయి చూసేదాన్ని. ఒక కాలు పచ్చదనంలో, ఒక కాలు ఎడారిలో.

అలాంటి నలభై పొలాలకు ఒక శత్రువు ఉండేది. వేరుపురుగు. తెల్లగా, వంకర తిరిగి, బొటనవేలంత లావు. ఇసుకలో ఉండి వేళ్ళు కొరికేస్తుంది. పైన మొక్క పచ్చగానే కనిపిస్తుంది, గాలి వీచిన రోజున వాలిపోతుంది. దానికి విరుగుడుగా విత్తనంతో పాటు సాలులో గుళికల మందు వేస్తారు. ఏ మందు పనిచేస్తుందో తేల్చడానికి ఒక పొలంలో ప్రయోగం పెట్టేవాళ్ళు. నాలుగు రకాల మందులు. సంచుల మీద పేర్లుండవు, ఒకటి నుంచి నాలుగు దాకా అంకెలే. ఐదో రకం మళ్ళలో ఏ మందూ వేయరు. మందు వేయని మొక్క ఎలా ఉందో తెలిస్తేనే కదా, వేసినందువల్ల మేలేదో తెలిసేది. పనివాళ్ళం ఆ మళ్ళను సాదా మళ్ళు అనేవాళ్ళం. ఒక్కో రకానికి నాలుగు మళ్ళు, మొత్తం ఇరవై.

విత్తిన రెండు నెలలకు మడికి ఐదు మొక్కలు తవ్వి, వేళ్ళు కడిగి, పురుగు ఎంత తిన్నదో చూసి సున్నా నుంచి ఐదు దాకా మార్కు వేయాలి. సున్నా అంటే నిండు వేరు. ఐదు అంటే మొక్క నిలబడడానికి ఏమీ మిగల్లేదని. చివర్లో మేత కోసి మడివారీగా తూకం వేస్తారు.

నేను వేసిన మొదటి ఇరవై మార్కులూ తప్పే. గొట్టంతో నీళ్ళు గట్టిగా కొట్టి కడిగాను. ఆ దెబ్బకు లేత వేళ్ళు తెగిపోయాయి. తెగినవన్నీ పురుగు తిన్నవనుకుని అన్నింటికీ నాలుగు, ఐదు వేశాను. ముదీర్ కాగితం చూసి, ఒక వేరు అందుకుని దాని కొన నా కళ్ళ ముందు పెట్టారు. నీళ్ళకు తెగిన కొన తెల్లగా, శుభ్రంగా ఉంటుంది. పురుగు కొరికిన కొన గోధుమరంగుకు తిరిగి, మానిన గాయంలా గట్టిపడి ఉంటుంది. పురుగు మీద నేరం మోపే ముందు నీ చేతిని అడుగు అని ఆయన అన్న మాట నాకు మళ్ళీ ఎవరూ చెప్పనవసరం లేకపోయింది.

ఆ తర్వాత తొట్టిలో నానబెట్టి, చేత్తోనే మెల్లగా ఇసుక వదిలించడం నేర్చుకున్నాను. అలా మొట్టమొదట పూర్తిగా కడిగిన వేరును నల్ల టార్పాలిన్ మీద పరిచాను. వెంట్రుకల్లాంటి పోగులు టార్పాలిన్ దాటిపోయాయి. అంతకంటే వింత, పురుగు కొరికిన చోటికి పైనున్న కణుపు నుంచి కొత్త వేళ్ళు తెల్లగా బయలుదేరి ఉన్నాయి. కింద తెగిపోయిందని పైన కణుపుకు కబురు చెప్పింది ఎవరు? సుబ్హానల్లాహ్ అనుకున్నాను. ఈ పనిలో ఎన్ని వేల వేళ్ళు కడిగానో, ఆ మాట అనుకోకుండా ఒక్క రోజూ గడవలేదు. మీరు ఏ దేవుణ్ణి తలచుకుంటారో, అసలు తలచుకోరో మీ ఇష్టం. కానీ వేరు చూసి ఒక్క క్షణమైనా ఆగని మనిషి ఈ పనికి రాడు. ఇది నా ఖచ్చితమైన అభిప్రాయం.

నరసన్న

సాళ్ళలో మందు వేసేది నరసన్న. తాడిపత్రి వైపు మనిషి, యాభై దాటినవాడు. వేరుపురుగు చెనక్కాయను ఎలా చంపుతుందో చిన్నప్పటి నుంచి చూసినవాడు. మా జిల్లాలు వేరైనా ఎండా, పంటా ఒకటే గనుక మొదటి రోజే కలిసిపోయాం. నన్ను బీబమ్మా అని పిలిచేవాడు.

అడుగున చిల్లులున్న డబ్బాలో గుళికలు పోసుకుని, మరో చేత్తో సర్దుతూ సాలు పొడవునా నడిచేవాడు. యంత్రం వేసినా అంత సమంగా పడేవి కావు. చేతికి తొడుగులు ఇచ్చారు గాని, తొడుగు వేసుకుంటే గుళిక చేతికి తెలియదని తీసి జేబులో పెట్టుకునేవాడు. ఇది నేను చూసీ ఊరుకున్నాను. పెద్దవాడు, పనిమంతుడు, నేనేం చెబుతానులే అనుకున్నాను. ఈ పనిలో నేను చేసిన తప్పుల్లో దాన్ని చిన్నదిగా లెక్కపెట్టను. తొడుగు లేకుండా మందు ముట్టుకునే మనిషి ఎంత పెద్దవాడైనా సరే, అతని చేయి పట్టుకుని ఆపండి.

మూడేళ్ళు గడిచాయి. ఆ మూడేళ్ళూ మూడో నంబరు మందు వేసిన రోజున నరసన్న కళ్ళు నీరు కారేవి, నోట్లో ఊట ఊరేది, సాయంత్రం టీ గ్లాసు పట్టుకుంటే టీ తొణికేది. క్యాంపు డాక్టరు మందుల పని మానెయ్యమన్నాడట. ఆ సంగతి నాకు చెప్పి వెంటనే నా చేత ఒట్టు వేయించుకోబోయాడు.

"ముదీరు చెవిన ఏస్తివో, నా పని ఖలాస్ బీబమ్మా. చేతకానోణ్ణి యాడన్నా పెట్టుకుంటారా? టిక్కెట్ తీసి పంపిచ్చేస్తారు."

ఒట్లు వేయడం మా ఇంట్లో లేదు. చెప్పనని మాత్రం అన్నాను.

అదే ఏడు యజమాని గట్టిగా చెప్పారు. ఈ పంటతో ఏదో ఒక మందు తేల్చెయ్యాలి, వచ్చే పంటకు నలభై పొలాల్లోనూ అదే వేయాలి. అందరి నోటా మూడో నంబరే. ఘాటైనది, మందులు అమ్మే కంపెనీ మనిషికి దాని మీదే ఆశ. మూడో నంబరు తేలితే నరసన్న ఏడాదికి రెండు మూడు రోజులు కాదు, రెండు నెలల పాటు రోజూ దాంట్లోనే ఉంటాడు. తొట్టి దగ్గర కూర్చుని మార్కులు వేసేది నేను. మూడో నంబరు వేళ్ళకు ఒక్కో మార్కు చెడ్డగా రాస్తే చాలు. ఎవరికీ తెలియదు. వేళ్ళు తవ్వే రోజుకు ముందు పదిహేను రోజులూ నమాజులో నేను అడిగింది ఒక్కటే, నా పెన్సిల్‌ను అబద్ధం నుంచి కాపాడమని. నరసన్నను ఎలా కాపాడాలో ఆయనకే వదిలేశాను.

ఒక్క మాట

ముదీర్ సూడాన్ మనిషి. వేళ్ళ గురించి ఆయనకు తెలిసినంత ఎవరికీ తెలియదు. కోపం తక్కువ. ఒకటే లోపం, ముఖ్యమైన పనులు ఫోన్‌లో చెప్పేవారు. సైట్లలో నేర్చుకున్న హిందీలో సగం, అరబీలో సగం.

వేళ్ళు తవ్వాల్సిన రోజున ఆయన అబూధాబిలో ఉన్నారు. పొద్దున్నే ఫోన్ చేశారు. మందు వేసిన మళ్ళలో ఐదేసి మొక్కలు తవ్వమన్నారు. గాలి హోరులో సాదా మళ్ళ గురించి చెప్పిన మాట నాకు ఇలా వినిపించింది.

"సాదా వాలా, కుల్లు ఖాలీ."

కుల్లు అంటే అంతా అని నాకు తెలుసు. ఖాలీ సంగతి చెప్పనవసరమే లేదు. ఉర్దూలో ఖాలీ, తెలుగులో ఖాళీ. సాదా మళ్ళన్నీ ఖాళీ చేయమన్నారు. ఎందుకో ఒక క్షణం వింతగా తోచింది. అయినా పెద్దాయన, దేనికో చెప్పి ఉంటారని సర్ది చెప్పుకున్నాను.

నరసన్నకు మాత్రం నచ్చలేదు. "మల్లొక్కసారి అడుగు బీబమ్మా. మేత కొయ్యకముందే పీకమంటాడా?"

"నాకు ఉర్దూ రాదా నరసన్నా?" అన్నాను. ఆ గొంతు ఇప్పటికీ నా చెవిలో ఉంది. గర్వం ఎప్పుడూ కేకలు పెట్టి రాదు, ఇలా మామూలు మాటలాగే వస్తుంది.

నేను తొట్టి దగ్గర ఉండగా నరసన్నా, మిగతా పనివాళ్ళూ మధ్యాహ్నం దాకా పీకారు. మడికి నాలుగు సాళ్ళు, సాలుకు నలభై మొక్కలు. నాలుగు మళ్ళు కలిపి ఆరు వందల నలభై.

మర్నాడు పొద్దున ముదీర్ వచ్చారు. కారు దిగి పొలం వైపు నాలుగడుగులు వేసి ఆగిపోయారు. ఇరవై మళ్ళలో నాలుగు చోట్ల గోడలో కిటికీల్లా ఖాళీగా ఉంది. నేను ఎదురువెళ్ళి, మీరు ఖాలీ చేయమన్నారని చేయించాను అన్నాను. ఆయన నా ముఖం చూశారు. తర్వాత మెల్లగా, చిన్నపిల్లకు అక్షరాలు చెప్పినట్టు చెప్పారు.

"ఖల్లీ, యా ఉఖ్తీ. ఖల్లీ."

ఉఖ్తీ అంటే చెల్లెలా అని. ఖల్లీ అంటే వదిలెయ్యి, ముట్టుకోకు. వచ్చే వారం కంపెనీ మనిషి సాదా మళ్ళను నిలబడి ఉండగా చూస్తానన్నాడు గనుక వాటిని తర్వాత తవ్వుదాం, ఇప్పుడు వదిలెయ్యండి అని ఆయన చెప్పింది. ఒక అక్షరం పొడుగు, ఒక అక్షరం ఒత్తు. అంతే తేడా. అరబీ చదవగలనన్న ధైర్యం, ఉర్దూ వచ్చన్న ధీమా, రెండూ కలిసి నన్ను ముంచాయి.

తప్పు నాదని చెప్పాను. నరసన్న మళ్ళీ అడగమన్నాడు, నేనే వినలేదని కూడా చెప్పాను. నా ఉద్యోగం పోతుందని భయపడలేదంటే అబద్ధమవుతుంది. కానీ అసలు భయం దానికి కాదు. సాదా మళ్ళ తూకం లేకపోతే పోల్చడానికి ఏమీ లేదు. ముదీర్ కూడా అదే అన్నారు. మూడో నంబరు మళ్ళు ఎదురుగా పచ్చగా నిలబడి ఉన్నాయి, కంపెనీ మనిషి వాటిని చూపించి ఇంకేం కావాలంటాడు, యజమాని సరేనంటారు. అబద్ధం రాయకుండా ఆపుకున్న చేతితోనే నరసన్నను నేను మందులోకి తోసేశాను.

పండేసిన వరసలు

పీకిన మొక్కలు మామూలుగా అప్పటికప్పుడే బండెక్కి పశువుల దగ్గరికి పోతాయి. అవీ పోయే ఉంటాయనుకున్నాను. ముదీర్ ఖాళీ మడి దగ్గరికి నడిచారు. వెనకే వెళ్ళిన నేను చూస్తే, మొక్కలన్నీ అక్కడే ఉన్నాయి. ఏ సాలులో పీకినవి ఆ సాలులోనే, ఒకదాని పక్కన ఒకటి, నిలబడిన వరస తప్పకుండా పడుకోబెట్టి ఉన్నాయి. వేళ్ళన్నీ ఒకే వైపు. వాటి మీద తడిపిన గోనెపట్టాలు.

ఇదెవరు చేయమన్నారని ముదీర్ అడిగారు. నరసన్న తన మీదికి ఏదో వస్తుందని బెదిరిపోయాడు.

"ఎవురూ చెప్పల్యా సార్. చెనక్కాయ చెట్టు పీకితే యాడ పీకితే ఆడ్నే పండేస్తాం, ఏర్లు పైకి. చేతికి అదే వస్తాది. ఏర్లు సూడకుండా బండికెయ్యడం నాకు చేతకాదు. బీబమ్మ సూస్తాదేమోనని పట్టాలు కప్పినా."

నేను హిందీలో చెప్పాను. ముదీర్ మోకాళ్ళ మీద కూర్చుని గోనెపట్టా తీసి, ఒక్కో వేరూ వేలితో తడుముతూ వరస వెంట జరగడం మొదలుపెట్టారు. పది మొక్కలు, ఇరవై మొక్కలు. ఒకచోట ఆగి, వెనక్కి వచ్చి, మళ్ళీ ముందుకు వెళ్ళారు. లేచేసరికి ఆయన ముఖం మారిపోయింది. అన్నీ కడగండి, ఒక్కటి కూడా వదలొద్దు, వరస తప్పొద్దు అన్నారు.

ఆరు వందల నలభై వేళ్ళు. మడికి ఐదు కడిగే లోకంలో అన్నీ కడగడం ఎవరూ విని ఉండరు. నేను, నరసన్న, ఇంకో ఇద్దరు పనివాళ్ళం మూడు రోజులు తొట్ల దగ్గరి నుంచి లేవలేదు. ముదీర్ ఒక పెద్ద కాగితం మీద ఆరు వందల నలభై గళ్ళు గీశారు, ఒక్కో మొక్కకు ఒక గడి. నేను మార్కు చెబితే ఆయన రాసేవారు. మూడుకు పైనైతే ఎర్ర పెన్సిల్.

మొదటి రోజు కాగితం దాదాపు తెల్లగానే ఉంది. మందు గుళిక తగలని వేళ్ళు, నిండుగా, సున్నాలు, ఒకట్లు. కడిగి ఎత్తి పట్టుకుంటే నీళ్ళు కారుతూ ఎండకు మెరిసేవి. నాకైతే పని చేస్తున్నట్టు లేదు, ఏదో చూపిస్తున్నారు, చూస్తున్నాను అనిపించింది. రెండో రోజు ఎరుపు మొదలైంది. ఒక మడి మూలలో కొన్ని, పక్క సాలులో ఇంకాస్త జరిగి కొన్ని. మూడో రోజు ఆఖరి వేరు కడిగాక ముదీర్ కాగితాన్ని నేల మీద పరిచి మమ్మల్ని పిలిచారు. ఎర్ర గళ్ళు చెదురుమదురుగా లేవు. పొలానికి అడ్డంగా ఏటవాలుగా ఒక పట్టీలా పోతున్నాయి, రెండు మళ్ళను కోసుకుంటూ. పట్టీకి ఇవతలా అవతలా అంతా తెలుపు.

మూడు నెలలుగా మా కాళ్ళ కింద ఇసుకలో ఉన్న గీత అది. ఆ గీతను గీసినవాడు అక్కడే ఉన్నాడన్నట్టు నా తల తనంతట తనే వంగింది.

మొదట మాట్లాడింది నరసన్న. "ఈ దోవన కదా బీబమ్మా, దున్నకముందు లారీలు పచ్చిపెంట పోసుకుంటా పోయింది?"

అది విని ముదీర్ కాగితం చుట్టేసి నేరుగా పొలంలోకి వెళ్ళారు. ఆ పట్టీ సాగి వెళ్ళే దారిలో ఒక మూడో నంబరు మడి ఉంది. మేం నియమం ప్రకారం ఐదు మొక్కలు తీసింది గట్టు పక్కన, పట్టీకి దూరంగా. ఇప్పుడు పట్టీ మీద తవ్వాం. కాస్త తక్కువేమో గాని అక్కడా పురుగు తిన్నది తిన్నదే. మురగని పెంటతో పాటే పురుగు వచ్చింది. పెంట పడని చోట మందు వేసినా వేయకపోయినా ఒకటే. పెంట పడిన చోట ఆ ఘాటు మందూ పూర్తిగా ఆపలేకపోయింది. ఇన్నాళ్ళూ ఐదు మొక్కల లెక్క మందును పొగిడింది, పెంటను దాచింది.

పిల్లలూ, నియమం తప్పని నేను అనను. ఐదు మొక్కల నియమం పెట్టినవాళ్ళు తెలివైనవాళ్ళు. కానీ ఆ ఐదూ ఎక్కడి నుంచి తీస్తున్నావో చూసుకో. గట్టు పక్కన తీస్తే నీ కాళ్ళకు సుఖం, అంతే.

చేతులు

మూడో రోజు ఇంకో సంగతి జరిగింది. తొట్టిలో చేతులు పెట్టిన నరసన్న వేరును నాకు అందిస్తుంటే అది వణికింది. గాలి లేదు. కాగితం మీది నుంచి తలెత్తిన ముదీర్ ఆ చేతుల వైపే చూస్తూ, ఎన్నాళ్ళ నుంచి అని నన్ను అడిగారు.

చెప్పనని నేను మాటిచ్చి ఉన్నాను. నరసన్న నావైపు చూస్తున్నాడు. అప్పటికి మూడు రోజుల క్రితమే నా మాట ఒకటి ఎంత పని చేసిందో చూశాను. ఇప్పుడు నా మౌనం ఏం చేస్తుందో చూడదలచుకోలేదు. మూడేళ్ళ నుంచి, మూడో నంబరు వేసినప్పుడల్లా అని చెప్పాను. డాక్టరు మాటా చెప్పాను.

నరసన్న వేరును తొట్టిలో వదిలేసి లేచి వెళ్ళిపోయాడు. చాలా రోజులు నాతో మాట్లాడలేదు. టీ ఇస్తే తీసుకోలేదు.

తర్వాతి వారం కంపెనీ మనిషి వచ్చాడు. కాగితం చూసి, మడికి ఐదు మొక్కలే లెక్క, ఇది ప్రయోగం కింద రాదు, పనిమనిషి తప్పుగా వింటే జరిగిన పొరపాటు ఇది అన్నాడు. నేను అక్కడే నిలబడి ఉన్నాను. నిజమే అన్నట్టు తలూపాను, ఎందుకంటే అది నిజమే. ముదీర్ గొంతు పెంచలేదు. పొరపాటు ఆమెది, వేళ్ళు మాత్రం పొరపాటు చేయలేదు అన్నారు. యజమానికి ఉన్నది ఉన్నట్టు రాసి, ఆ ఎర్ర గళ్ళ కాగితాన్నే జతచేసి పంపారు.

యజమాని మందు కొనలేదు. పెంటను కుప్పలు పోసి, తడుపుతూ, తిరగేస్తూ పూర్తిగా మురగనిచ్చాకే పొలానికి తోలాలని తీర్మానమైంది. ఆ కుప్పల మీద ఒక నమ్మకమైన మనిషి కావాలి. ముదీర్ నరసన్నను పెట్టారు, ఇంకెప్పుడూ మందు సంచి ముట్టుకోకూడదన్న షరతు మీద.

ఆ సాయంత్రం అతనే వచ్చి నా తొట్టి పక్కన బోర్లించిన బకెట్ మీద కూర్చున్నాడు.

"నన్ను పెంటకుప్ప మీద కూర్చోబెట్టినావు గదా బీబమ్మా" అన్నాడు. తొట్టిలో చేతులు కడుక్కుని, "ఏం జెప్పినా నీ నోట్లో దాగదు. టీ ఉందా?" అన్నాడు.

తర్వాతి పంటల్లో వేరుపురుగు పూర్తిగా పోలేదు. అలా పోతుందని ఎవరైనా చెబితే నమ్మకండి. అక్కడొకటీ ఇక్కడొకటీ కనిపించేది, కనిపించిన చోటే చూసుకునేవాళ్ళం. నరసన్న కళ్ళ నీరు ఆగింది. చేతి వణుకు తగ్గింది గాని పోలేదు. నలభై పొలాల మందు అతని మీద పడకుండా తప్పింది. అంతకుముందు పడినదాన్ని ఎవరూ వెనక్కి తీయలేకపోయారు. నాకంటే ఒక ఏడు ముందే ఊరికి వచ్చేశాడు. కొన్నేళ్ళకు పోయాడని కబురు తెలిసింది.

ఆ ప్రయోగం మీద ముదీర్ రాసిన నివేదిక నకలు నా దగ్గర ఒకటి ఉంది. అందులో పొలం పేరుంది, ముదీర్ పేరుంది, నాలుగు మందుల అంకెలున్నాయి. వేళ్ళు కడిగి మార్కులు వేసినదానిగా నా పేరు కూడా చివర ఒక మూలన ఉంది. పీకిన మొక్కలను వరస తప్పకుండా పండేసిన మనిషి పేరు మాత్రం ఎక్కడా లేదు. మొక్కలు వరసలో దొరికాయని ఉంది. వాటంతటవే దొరికినట్టు.

అందుకే ఇది రాశాను. మీరు ఏ పొలంలో పని చేసినా, ఏ మొక్క పీకినా, మీ దేవుడితో ఏ భాషలో మాట్లాడతారో ఆ భాషలో ఒక్కసారి ఆ పేరు చెప్పండి. నరసింహులు. తాడిపత్రి దగ్గరి మనిషి.